యూనివర్సిటీ సాహిత్య పండగకు ఇంటిల్లిపాదీ వెళ్లడం ఎలా?

ఏటా యూనివర్సిటీ గేటుకు సాహిత్య ఉత్సవం బ్యానరు కట్టిన మర్నాటి నుంచి నా ఫోను ఊరుకోదు. బళ్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఇలాంటివన్నీ నాకే తెలుసని మా వీధిలో ఒక నమ్మకం. అడిగేవి మాత్రం ప్రతి ఏడూ అవే. "సార్, పిల్లోళ్లని పిల్చుకొని రావొచ్చునా?" "టికెట్టు ఎంత?" "మాయమ్మకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు కూర్చోగలదా?" నాలుగోది గొంతు తగ్గించి అడుగుతారు: "నేనొక కవిత రాసినాను. చదవనిస్తారా?"

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక తగ్గింది, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా. పిల్లల్ని తీసుకురావచ్చు. యూనివర్సిటీ సభలకు సాధారణంగా టికెట్టు ఉండదు. పేరు నమోదు చేసుకోమంటే అది భోజనాల లెక్కకో సర్టిఫికెట్లకో అనుకోండి. అమ్మ కూర్చోగలదు, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిస్తే. కవిత సంగతి చివర్లో వివరంగా చెబుతా.

ముందు ఒక్క మాట పట్టుకోండి: రోజుకు మూడు సభలు. అంతకు మించి వద్దు. దెబ్బ తిని నేర్చుకున్న పాఠమిది. 2012 డిసెంబర్ 27 నుంచి 29 దాకా నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు మన తిరుపతిలోనే జరిగాయి. ఒక్కటి కూడా వదలకూడదని మూడు రోజులూ పరుగులు పెట్టాను. ఇక్కడ సగం విని లేచి అక్కడికి, అక్కడ సగం విని ఇంకోచోటికి. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏం విన్నారు?" అనడిగితే ఎంత వెతుక్కున్నా ఒక్క వాక్యం దొరకలేదు. చెప్పులు అరిగిన సంగతి మాత్రం గుర్తుంది.

కావలసినవి

- గుడ్డ సంచి ఒకటి. ప్లాస్టిక్ కవరు వద్దు. హాల్లో మీరు దాన్ని కదిపినప్పుడల్లా నాలుగు వరుసలు వెనక్కి తిరిగి చూస్తాయి.
- మనిషికో నీళ్ల సీసా.
- పది, ఇరవై, యాభై నోట్లు కలిపి ఒక ఐదొందలు. వేలమంది ఒకే మైదానంలో ఉంటే ఫోన్ పే చక్రం తిరుగుతూనే ఉంటుంది. స్టాల్లో మీ వెనక పది మంది నిలబడి ఉంటారు.
- నోటు పుస్తకం, రెండు పెన్నులు. ఒకటి ఎవరో అడిగి తీసుకుంటారు, అది మళ్లీ రాదు.
- పాత దుప్పటి. చెట్టు కింద పరుచుకోవడానికి.
- పిల్లలకు కారని, చేతులకు అంటని తిండి. మా ఇంట్లో పులిబొంగరాలు చేస్తాం (పక్క జిల్లాల వాళ్లు గుంతపొంగనాలంటారు). చట్నీ వద్దు, కారప్పొడి చాలు.
- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే గొడుగు తప్పనిసరి. మనకు వానలు ఎక్కువగా పడేది అప్పుడే. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో వింటే, మైదానంలో జరగాల్సిన సభ హాల్లోకి మారి ఉంటుందేమో కనుక్కుని బయల్దేరండి.
- పెద్దవాళ్లకు మందులు, ఒక పలుచటి శాలువ. ఏసీ హాల్లో ఫ్యాను కూడా వేస్తారు, ఎందుకో తెలియదు.
- చిన్నపిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ.

1. ఏ యూనివర్సిటీనో తేల్చుకోండి

నవ్వకండి. తిరుపతిలో "యూనివర్సిటీ" అంటే అడ్రసు కాదు. 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 1983లో వచ్చిన శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని విద్యాపీఠమనే అంటారు. వేద విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. చివరికి స్విమ్స్ ఆసుపత్రి కూడా యూనివర్సిటీయే. సగం పేర్లకు ముందు "శ్రీవేంకటేశ్వర" అని ఉంటుంది. ఆటో ఎక్కి "ఎస్వీ యూనివర్సిటీ" అంటే ఆటో అతని మనసులో ఏది ఉంటే అక్కడికే మీ ప్రయాణం.

మా పెద్ద మామ ఒకసారి ఇలాగే దిగి, జనం కనిపించిన హాల్లోకి వెళ్లి కూర్చున్నాడు. అరగంటపాటు పాడి ఆవుల దాణా గురించి విన్నాడు. కవిగారు ఉపోద్ఘాతం చెబుతున్నారనుకున్నాడట.

ఆహ్వాన పత్రంలో మూడు చూడండి: యూనివర్సిటీ పూర్తి పేరు, హాలు పేరు, ఏ గేటు నుంచి రావాలో. గేటు రాయకపోతే కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. క్యాంపస్ పెద్దది. తప్పు గేటు దగ్గర దిగితే ఎండలో పెద్దవాళ్లను కిలోమీటరు నడిపించాల్సి వస్తుంది. ఇంకొకటి కూడా చూసుకోవాలి. సభ కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో అయితే అది కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల దగ్గర. తిరుపతి నుంచి చంటిపిల్లలతో ఒక్కరోజులో పోయి రావడం కష్టం, రాత్రికి అక్కడే ఉండేట్టు చూసుకోండి.

2. కొండను, సభను ఒకే రోజు పెట్టుకోకండి

బయట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లందరూ చేసే తప్పిది. "ఎట్లూ తిరుపతి వస్తున్నాం, పొద్దున దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి సభకు వస్తాం" అంటారు. రారు. సర్వదర్శనం ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి వచ్చిన మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కథానిక పరిణామం గురించి వినమంటే పాపం తగులుతుంది.

మొదటి రోజు సభ, మర్నాడు కొండ. ఈ వరసే మంచిది. దర్శనమయ్యాక ఒళ్లు ఎటూ ఇంటికి పోదామంటుంది.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి దగ్గర్లో సభ పడితే బస ముందే చూసుకోండి. ఆ రోజుల్లో శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి దేవస్థానం వసతులను నమ్ముకుని బస్సెక్కకండి. చిత్తూరు వాళ్లకు ఈ బాధ లేదు, డెబ్బై కిలోమీటర్లు, పొద్దున వచ్చి రాత్రికి పోవచ్చు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయిందని కాగితంలో ఉన్నా, మాకైతే చిత్తూరు వాళ్లు ఇంకా ఇంటివాళ్లే.

3. కార్యక్రమ పత్రాన్ని పెన్నుతో చదవండి

ముందు రోజు రాత్రి అందరూ కూర్చుని చదవండి. కచ్చితంగా వినేదానికి టిక్కు, కుదిరితే వినేదానికి సున్న, వద్దనుకున్నదానికి గీత. టిక్కులు మూడు దాటితే మళ్లీ మొదటి నుంచి.

ప్రారంభోత్సవం పది గంటలకు అని ఉంటే పదకొండు అనుకోండి. జ్యోతి వెలిగించాలి, ప్రార్థన పాడాలి, ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవాలి, శాలువాలు కప్పాలి, జ్ఞాపికలివ్వాలి. ఇదంతా అయ్యే గంటన్నర పుస్తకాల స్టాళ్లకు బంగారం లాంటి సమయం. జనం తక్కువ, స్టాల్ మనిషి తీరిగ్గా మాట్లాడతాడు. గవర్నరో మంత్రో వస్తున్నారంటే మాత్రం లెక్క మారుతుంది, దారులు మూసేస్తారు. గంట ముందైనా లోపలికి చేరండి, లేదా మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి.

"పత్ర సమర్పణ" అని ఉన్న సభలు పరిశోధక విద్యార్థుల కోసం. ఒకరి తర్వాత ఒకరు కాగితాలు చూసి చదువుతారు. వాళ్లకది అవసరం, మీ ఏడేళ్ల పిల్లకు కాదు. కుటుంబంతో వస్తే "ముఖాముఖి", "కథాపఠనం", "బాలసాహిత్యం", "అవధానం" అన్న మాటల కోసం వెతకండి. హరికథ, బుర్రకథ ఉంటే మరీ మంచిది.

అంశం పేరు చూసి ఎంచుకోవడం కన్నా మనిషిని చూసి ఎంచుకోవడం మేలు. ఆ రచయితది ఒక్క కథైనా ముందు చదివి వెళ్లండి, పది పేజీలు చాలు. మన జిల్లా రచయితల మీద సభ ఉంటే ఇంకా సులువు. దామలచెరువులో ఉంటూ బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాంకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అలాంటి మనిషి కథొకటి రాత్రి ఇంట్లో గట్టిగా చదివితే, మర్నాడు సభలో ఆయన పేరు వినగానే పిల్లలు తలెత్తుతారు. నేను చూశాను.

4. ఎవరెక్కడ కూర్చోవాలి

పెద్దవాళ్లను వరుస చివరి కుర్చీలో, తలుపుకు దగ్గరగా కూర్చోబెట్టండి. బాత్‌రూము ఎటో ముందే చూసి పెట్టుకోండి. స్పీకరు పెట్టె ఎదురుగా మాత్రం వద్దు, పదిహేను నిమిషాల్లో తలనొప్పి పట్టుకుంటుంది.

"మాయమ్మకు సాహిత్యం అర్థం కాదు సార్" అనే మాట నా దగ్గర అనకండి. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను (తపస్సు ఘట్టానికి నిలబెట్టిన పొడవాటి స్తంభం) ఎక్కే దాకా, దుర్యోధనుడు పడే దాకా ఇసుకలో కూర్చుని విన్న మనుషులు వీళ్లు. మన కన్నా వాళ్లకే బాగా వినడం వచ్చు.

పిల్లలు ఇరవై నిమిషాలు. ఆ తర్వాత వాళ్లను బయటికి వదలాలి. భార్యాభర్తలిద్దరూ వచ్చినట్టయితే వంతులు వేసుకోండి, ఒక సభ ఒకరు, ఇంకో సభ ఇంకొకరు. ఇద్దరూ కలిసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని "ష్, ష్" అంటూ వింటే, ముగ్గురికీ ఏమీ మిగలదు, ముందు వరుస వాళ్లకు కూడా.

తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. "గేటు దగ్గర" అని చెప్పకండి, గేట్లు చాలా ఉంటాయి. ఒక విగ్రహమో, పెద్ద చెట్టో, టీ కొట్టో చూపించి చెప్పండి.

తాళపత్రాల ప్రదర్శన ఉంటే పిల్లలకు అది తప్పక చూపించండి. దేవస్థానం మొదలుపెట్టి తర్వాత ఎస్వీయూకు అప్పగించిన ప్రాచ్య పరిశోధన సంస్థలో పాత తాళపత్ర గ్రంథాలున్నాయి. ఆకు మీద సిరాతో రాసింది కాదని, గంటంతో గీసి మసి రుద్దితే అక్షరం కనబడుతుందని చెప్పండి. మావాడి స్నేహితుడు ఒకడు ఇంటికెళ్లి కొబ్బరాకు మీద జామెట్రీ బాక్సు కంపాసుతో వాడి పేరు గీశాడు. ఆకు చిరిగింది. గుండ్రటి అక్షరాలు ఎందుకు మేలో వాడికి మనం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ప్రదర్శనలో మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చూడమనండి, ముట్టుకోనివ్వరు.

5. అవధానం ఉంటే దాన్ని రెండు సభల కింద లెక్కేయండి

రెండు గంటలు దాటుతుంది. అర్థం కాదేమోనని చాలామంది లేచిపోతారు. అర్థమయ్యే దారి ఇది.

అష్టావధానమంటే ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, ఒక్క అవధాని. నాలుగు ఆవృత్తులు, అంటే నాలుగు చుట్లు. పద్యం అడిగిన ఒక్కొక్కరికి చుట్టుకో పాదం చొప్పున చెబుతూ పోతారు. నాలుగు చుట్లయ్యేసరికి నాలుగు పాదాల పద్యం పూర్తవుతుంది. చివర్లో ఆ పద్యాలన్నీ చూడకుండా వరసగా అప్పజెబుతారు. అదే ధారణ. ఇంత తెలిస్తే చాలు.

ఇంట్లోనే ఒక కాగితం మీద ఎనిమిది గళ్లు గీసుకుని వెళ్లండి. ఏయే అంశాలుంటాయో అవధానానికీ అవధానానికీ కొంచెం మారుతుంది. మొదట్లో పరిచయం చేస్తారు, అప్పుడు గళ్లలో పేర్లు రాసుకోండి, అవధాని చెప్పే పాదాలను కూడా ఆ గళ్లలోనే రాసుకుంటూ పోండి. నిషిద్ధాక్షరి మీరు తీసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి వద్దంటాడు. అవధాని దాన్ని తప్పించుకుని ఇంకో మాటలోకి పోవాలి. ఆడు–పులి ఆట చూసినట్టే ఉంటుంది. దత్తపది కాలేజీ పిల్లలకు నచ్చుతుంది. బస్సు, రైలు, ఆటో, లారీ అని నాలుగు మాటలిచ్చి వాటితో సీతాకల్యాణం చెప్పమంటారు. ఏ మాటను ఎక్కడ విరిచి దాచారో వెతకమనండి.

చిన్నపిల్లలకు ఘంటానాదం. మధ్యమధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, మొత్తం ఎన్నిసార్లు మోగిందో అవధాని చివర్లో చెప్పాలి. పిల్లల చేతికి గుప్పెడు శనక్కాయలివ్వండి. గంట మోగినప్పుడల్లా ఒక కాయ ఎడమ జేబులో వెయ్యాలి. తినకూడదు. మా మనవరాలు పోయినసారి అవధాని లెక్కకు రెండు తక్కువ చెప్పింది. ఆ రెండూ ఏమయ్యాయో ఇంట్లో అందరికీ తెలుసు.

అప్రస్తుత ప్రసంగం, అంటే సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ధ్యాస మళ్లించడం, ఎవరికీ నేర్పక్కర్లేదు, నవ్వులు వాటంతటవే వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. గంట మోగుతున్నప్పుడు చప్పట్లు కొట్టకండి, ధారణకు ముందు లేవకండి. ధారణలో మీ కాగితం మీది పాదాలు ఒక్కొక్కటే వెనక్కి వస్తుంటే టిక్కు పెట్టుకోండి. సగం గళ్లు నిండినా మీరు బాగా విన్నట్టే.

6. రచయితను ప్రశ్న అడగాలంటే

ముందు కాగితం మీద రాసుకోండి. ఒక్క ఊపిరిలో చదవగలిగితే అడగండి, లేకపోతే కొట్టేసి మళ్లీ రాయండి. "నమస్కారమండీ, నేను ఇరవై ఏళ్లుగా సాహిత్యం చదువుతున్నాను, నా ఉద్దేశంలో నేటి సమాజంలో..." అని మొదలైనది ప్రశ్న కాదు, ఉపన్యాసం. "ఈ కథ ముగింపు మొదట్లో ఇలాగే రాశారా, తర్వాత మార్చారా?" ఇది ప్రశ్న. మైకు వచ్చాక ఊరి పేరు చెప్పండి చాలు, బయోడేటా వద్దు. పిల్లలు అడుగుతామంటే అడగనివ్వండి, వెనక నుంచి మాటలు అందించకండి.

7. పుస్తకం కొనేముందు

మనిషికి ఒకటి. పిల్లల పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక ఏదో ఒక పేజీ తెరిచి గట్టిగా చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేసరికి అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకో రెండేళ్లకు. ఒక్క వేలూ ముడవకపోతే మరీ తేలిక, అయినా కొననివ్వండి, చదివే పుస్తకమే మంచి పుస్తకం. "నీతి కథలు తీసుకో" అని మీరు చేతిలో పెట్టింది మాత్రం అటక మీదికే పోతుంది.

ఇప్పుడు అచ్చు చూడండి. ఇది ఎవరూ చేయరు, ఇంటికెళ్లాక బాధపడతారు. చాలా పుస్తకాలను 16 పేజీల ఫారాలుగా అచ్చేసి, మడిచి, కలిపి కుడతారు. ఎక్కడైనా ఒక ఫారం పడిపోయినా, తలకిందులైనా, ఒకే ఫారం రెండుసార్లు పడినా, తేడా వచ్చేది ఆ అతుకుల దగ్గరే. కాబట్టి 16 తర్వాత 17 ఉందా, 32 తర్వాత 33, 48 తర్వాత 49, 64 తర్వాత 65 అని తిప్పి చూడండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, పదహారో ఎక్కం కూడా వచ్చేస్తుంది. ముందుమాట పేజీల లెక్క వేరుగా ఉంటే అతుకు కొన్ని పేజీలు అటూ ఇటూ జరుగుతుంది, కంగారు పడకండి. ఈమధ్య కొద్ది కాపీలే వేసే చిన్న పుస్తకాల్లో ఫారాలుండవు, విడి కాగితాలకు జిగురు పెట్టి అట్ట వేస్తారు. వాటిని నడిమధ్యలో కాస్త వెడల్పుగా తెరవండి. టక్కున చప్పుడైతే ఇంకో కాపీ అడగండి.

ధర ఏమైనా తగ్గిస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. బిల్లు పుస్తకంలోనే పెట్టుకోండి.

8. సంతకం

పేరు పేజీ తెరిచి ఇవ్వండి, లోపల ఒక చీటీ మీద మీ పేరు స్పష్టంగా రాసి పెట్టండి. హడావిడిలో స్వర్ణ కాస్తా స్వప్న అవుతుంది. మీరు రాసిన నవల రాతప్రతిని మాత్రం ఆ క్యూలో రచయిత చేతిలో పెట్టకండి. ఆయన నవ్వుతూ తీసుకుంటాడు, అది లాడ్జి గదిలోనే ఉండిపోతుంది. ఒక్క పేజీ కథ, కింద ఫోను నంబరు, అంతవరకైతే ఫరవాలేదు.

9. మీ కవిత చదవాలంటే

ఆ రోజు పొద్దున వచ్చి "నాకూ అవకాశమివ్వండి" అంటే కుదరదు. ఆహ్వానంలో కవి సమ్మేళనం సంచాలకుల పేరుంటుంది. నెల ముందే కవిత పంపి, అందిందో లేదో వారం తర్వాత ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. రోజూ చేయకండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నలభై మంది కవులు, మనిషికి మూడు నిమిషాలు. అంటే 120 నిమిషాలు, రెండు గంటల్లో అయిపోవాలి. కానీ ఒక్కొక్కరూ ఏడు నిమిషాలు తీసుకుంటారు. 280 నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై నిమిషాలు. నాలుగు గంటలకు మొదలైతే ముప్పై అయిదో కవి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. హాల్లో మిగిలేది ఇంకా చదవని కవులు, వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చిన అల్లుళ్లు, కుర్చీలు లెక్కపెట్టుకునే టెంటు హౌస్ కుర్రాళ్లు. అందుకే పేరు ఇచ్చేటప్పుడే "చిత్తూరు బస్సుంది సార్, మొదటి పదిలో పిలవండి" అని వినయంగా అడగండి. మీరు మాత్రం మూడు నిమిషాలు దాటకండి.

మూడు నిమిషాలెంతో ఇంట్లోనే చూసుకోండి. ఫోన్లో గడియారం పెట్టి, నిలబడి, గట్టిగా, మామూలు కన్నా నిదానంగా చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. రెండు నిమిషాల నలభై సెకన్లకు అయిపోయేలా కోసుకోండి. ఏది కొయ్యాలో తెలియకపోతే మొదటి నాలుగు పంక్తులు తీసేసి చూడండి. చాలా కవితలు అయిదో పంక్తి దగ్గరే మొదలవుతాయి.

కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకోండి. ఫోన్లో చూసి చదవకండి. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతా. ఒక ఏడు నేను ఫోన్లో చూసి చదువుతున్నాను, మా అమ్మ మీద రాసిన కవిత, హాలంతా నిశ్శబ్దం. సరిగ్గా ఆఖరి పంక్తికి ముందు మా బావమరిది ఫోన్ చేశాడు. నా రింగుటోను "గోవిందా గోవింద". మైకులోంచి అది వినబడగానే వెనక వరుసల నుంచి అందరూ ఒక్క గొంతుతో "గోఓవిందా!" అన్నారు. తిరుపతి కదా, అలవాటు. ఆఖరి పంక్తి ఎవరికీ అక్కర్లేకపోయింది.

మైకుకు బెత్తెడు దూరంలో నోరుండాలి. వేళ్లతో కొట్టి "హలో హలో" అనకండి, మీ ముందు చదివినాయన చదివాడంటే అది పనిచేస్తోందనే. "వేదికను అలంకరించిన పెద్దలకు, సాహితీ బంధువులకు, పాత్రికేయ మిత్రులకు..." అన్న దండకం ముప్పై సెకన్లు తింటుంది. "నమస్కారం. కవిత పేరు ఫలానా." అంతే, మొదలుపెట్టండి. ఏ సందర్భంలో రాశారో ముందు వివరించకండి. వివరిస్తే గానీ తెలియని కవితైతే ఇంకో కవిత చదవండి. మన యాసలో రాసినదైతే యాసలోనే చదవండి, వేదిక ఎక్కగానే దాన్ని దిద్దకండి.

పేరు జాబితాలో లేకపోతే, ఉన్నా రాత్రయిపోయి పిలవకపోతే, గొడవ పెట్టుకోకండి. మీలాగే పిలుపు రాని నలుగురు అక్కడే ఉంటారు. మీ పాత దుప్పటి పరిచి, చెట్టు కింద కూర్చుని ఒకరికొకరు చదువుకోండి. నేను విన్న మంచి కవితల్లో కొన్ని అక్కడ విన్నవే.

బాగా చదివారో లేదో తెలుసుకోవడానికి చప్పట్లను నమ్మకండి, చప్పట్లు అందరికీ కొడతారు. మీతో వచ్చినవాళ్లలో ఒకరిని, కవిత ముందు ఎప్పుడూ విననివాళ్లను, కిందికి దిగగానే అడగండి: "ఒక్క పంక్తి చెప్పు." మాటలు అటూ ఇటూ అయినా ఒకటి చెప్పగలిగితే కవిత చేరింది. "బాగుంది" అని ఊరుకుంటే చేరలేదు. ఎవరి చేతైనా రికార్డు చేయించి రాత్రి వినండి. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ పంక్తి పొడుగైందని, ఎక్కడ మీకే విసుగొచ్చిందో అక్కడ కొయ్యాలని.

10. ఇంటికొచ్చాక

అన్నం దగ్గర అందరినీ ఒక్కో మాట అడగండి. "ఎలా ఉంది?" అని కాదు, "ఎవరేం చెప్పారు?" అని. మూడు సభలకు మూడు వాక్యాలు వస్తే మీ ఎంపిక సరైనది. ఒక్కటీ రాకపోతే వచ్చే ఏడు రెండు సభలే పెట్టుకోండి.

కొన్న పుస్తకాల్లో ఆ రాత్రే అందరూ ఒక్కో పేజీ చదివి, అక్కడ బస్ టికెట్టు పెట్టండి. పదిహేను రోజుల తర్వాత టికెట్టు ఎక్కడుందో చూడండి. ముందుకు జరిగితే సరే. అదే పేజీలో ఉంటే ఆ పుస్తకం ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి, తప్పు పుస్తకానిది కాకపోవచ్చు.

అచ్చు తేడా కనబడితే మర్నాడే బిల్లుతో స్టాలుకు వెళ్లండి, మారుస్తారు. ఉత్సవం ఆఖరి రోజైతే సాయంత్రం నాలుగు లోపే వెళ్లాలి. ఆ తర్వాత పెట్టెలు కట్టేసి లారీ ఎక్కిస్తుంటారు, మీ పుస్తకం ఇంకో కాపీ ఏ పెట్టెలో ఉందో వాళ్లకూ తెలియదు.